మా గైడ్ సారు చేతికి చిక్కిన పుస్తెలతాడు

మా పీహెచ్‌డీ గైడ్ సారు చేతికి తాడులాంటిది ఏది దొరికినా ఊరుకునేవారు కాదు. చార్జర్ వైరు, షూ లేసు, నా చున్నీ అంచు, ఏదైనా సరే రెండు చేతులా లాగిపట్టి ఆడిస్తూ, "చూడు బిడ్డా, లోకమంత గిట్లనే వణుకుతాంది" అనేవారు. లోకమంతా సన్నని తీగల వణుకే అనే స్ట్రింగ్ థియరీ, విశ్వం పుట్టిన తొలి క్షణం, ఇవి తప్ప ఆయనకు వేరే ముచ్చటే లేదు.

హనుమకొండలో నా పెళ్లి. పుస్తెలతాడును పళ్లెంలో పెట్టి, దీవెనల కోసం అందరితో ముట్టిస్తున్నారు. సారు దగ్గరికి పోయిన పళ్లెం తిరిగి రాలేదు.

సారు పక్కన మా మేనమామ కూర్చున్నాడు. మిర్చి వ్యాపారి. పెళ్లయ్యాక నా రీసెర్చ్ బంద్ కావాలని పట్టుబట్టింది ఆయనే. సారు ఆయన ముక్కు ముందు పసుపుతాడు ఆడిస్తూ విశ్వాన్ని పుట్టిస్తున్నారు. పుస్తెలు గలగలమంటున్నాయి. ఇక్కడ పెళ్లికొడుకు ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

"మామా, ముహూర్తం పోతాంది!" పీటల మీంచే అరిచాను.

పంతులు పరుగెత్తాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు పంతులూ, లోకం ఇప్పుడే పుడతాంది!"

మంటపమంతా ఒకటే నవ్వులు. చివరికి మా అమ్మ వెళ్లి తాడు లాక్కొచ్చింది. ముహూర్తం దాటకముందే ముడి పడింది.

భోజనాల దగ్గర కూడా మామ సారును వదల్లేదు. "మరి లోకం పుట్టకముందు ఏముండె సారూ?"

సారు అన్నం కలపడం ఆపేశారు. "అదే తెలుస్తలేదన్నా."

మామ నావైపు తిరిగాడు. "సారుకే తెల్వదట! నువ్వు సదువు బంద్ చెయ్యకే పిల్లా. జల్ది కనుక్కొని నాకు ఫోన్ చెయ్."