సువార్త కొట్టిన రిపోర్టు

పెన్సిలిన్ అన్న మాట ఎక్కడ విన్నా నా లోపల ఒకటి బరువుగా కదులుతుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరికీ చూపించలేదు. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అరవైల చివర్లో తెనాలిలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో టైపిస్టుగా ఉండేవాణ్ణి. డాక్టరుగారు రోగిని చూసి ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయేవారు. పక్కన కూర్చుని నేను మిషను మీద కొట్టాలి. పూర్తి మాటలు కొడుతూ ఆయన్ని అందుకోవడం ఎవరివల్లా కాదు. అందుకని పొడుగు మాటలకు రెండు మూడు అక్షరాల గుర్తులు పెట్టుకున్నాను. మాటలకే కాదు, ప్రతి రోగి విషయంలోనూ వచ్చే మామూలు వాక్యాలకు కూడా. 'ఎన్.డి.' అని కొడితే, ఈ రోగికి పడని మందులేవీ లేవని. ఒకసారి పెట్టిన గుర్తును మళ్ళీ మార్చలేదు. ఆ పద్ధతి నాది. ఎవరూ నేర్పలేదు.

పని పెరిగాక డాక్టరుగారు సువార్త అనే అమ్మాయిని పెట్టుకున్నారు. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేది. తండ్రి లేడు. తల్లీ, చెల్లెళ్ళూ ఆమె జీతం మీదే బతకాలి. నేను గుర్తులతో కొట్టిన చిత్తుకాగితం చూసి, పక్క గదిలో ఆమె పూర్తి రిపోర్టు కొట్టేది. గుర్తులన్నీ నేనే నేర్పాను. త్వరగా పట్టుకుంది. శుభ్రంగా కొట్టేది. అది ఒప్పుకోవాలి.

ఒకరోజు గుంటూరు నుంచి డాక్టరుగారి స్నేహితుడొకాయన వచ్చి, రిపోర్టు చూసి బాగుందన్నాడు. "ఈ అమ్మాయి వచ్చాకే మా కాగితాలకి కళ వచ్చిందండీ" అన్నారు డాక్టరుగారు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఏమయ్యా, రెండు కాఫీలు చెప్పు" అన్నారు. గుర్తులు నావి. వేగం నాది. కాఫీలు చెప్పాల్సిందీ నేనే. ఈ కాగితం ముందు కూర్చున్నప్పుడు కూడా మొదట గుర్తొచ్చింది ఆ మాటే. నేను చేసింది దాని తర్వాతే గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నం, బాపట్ల దగ్గర పల్లె నుంచి వచ్చి మా దగ్గర పడకలో ఉన్న ఒకావిడను ఇంటికి పంపుతున్నారు. మిగతా వైద్యం బాపట్లలో డాక్టరు చూసుకోవాలి. ఆయన కోసం రిపోర్టు. ఈమెకు పెన్సిలిన్ పడదని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. నా మనసు ఇంకా కాఫీల దగ్గరే ఉంది. వేళ్ళు అలవాటు కొద్దీ ఎన్.డి. కొట్టేశాయి.

అంతవరకు పొరపాటు. తర్వాతది కాదు. కాగితం మిషను నుంచి తీస్తూ చూశాను. సరిచేయడానికి ఎంతసేపు? చెయ్యలేదు. సంతకానికి ముందు డాక్టరుగారు చదువుతారు, తప్పు పట్టుకుంటారు, కళ తెచ్చిన అమ్మాయికి నాలుగు చివాట్లు పెడతారు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదా? ఆ రోగి గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చిన ఆలోచనను, ఆయన ఎలాగూ చదువుతారు కదా అని పక్కకు నెట్టి, కాగితం సువార్తకు ఇచ్చి, మిషనుకు ఇంకో కాగితం ఎక్కించాను.

ఆయన చదవలేదు. బయట రిక్షా ఆగి ఉంది, వాళ్ళ రైలుకు వేళయింది. సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఆవిడ బతికింది. బాపట్లలో పెన్సిలిన్ సూది వెయ్యగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదట. అక్కడి డాక్టరు పక్కనే ఉండి దక్కించాడు. తర్వాత ఆమె భర్త తెనాలి వచ్చి హాల్లో అందరి ముందూ కేకలేశాడు. డాక్టరుగారు మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. చిత్తుకాగితాలను కాంపౌండరు ఏ రోజుకారోజు మాత్రల పొట్లాలకు వాడేస్తాడు. నేను కొట్టిన కాగితం మిగిలి ఉండదని నాకు తెలుసు.

"ఏంటయ్యా ఇది? పెన్సిలిన్ పడదని చెప్పానా, లేదా?"

"చెప్పారండి. నేను పూర్తిగా కొట్టానండి. ఆ అమ్మాయే అలవాటు కొద్దీ మామూలు వాక్యం కొట్టేసుంటదండి."

సువార్త నావైపు తిరిగింది. "అదేంటండి అన్నయ్యగారూ! కాయితంలో ఎన్.డి. అనే ఉందండి. మీరు కొట్టినదాంట్లో తప్పుండదు గదా అని కొట్టేశానండి."

"నేను కొట్టింది నాకు తెలీదా అమ్మా?"

"ఇన్నేళ్ళలో ఇతని కాగితం ఎప్పుడన్నా తప్పిందా?" అన్నారు డాక్టరుగారు ఆమెతో. "రేపట్నించి రావద్దు."

నా పని గురించి ఆయన నోట నేను విన్న మంచిమాట అదొక్కటే.

ఆమె ఏడవలేదు. అన్నం క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. మాట ఊళ్ళో పాకింది, తెనాలిలో ఏ డాక్టరూ ఆమెను పెట్టుకోలేదు. డెబ్భైల్లో ఒకసారి రేపల్లె స్టేషన్లో కనిపించింది. జాకెట్లు కుట్టి బతుకుతోందని అప్పటికే విన్నాను. నన్ను చూసింది, ముఖం తిప్పుకుంది. చెబితే అసహ్యించుకుంటారు, అయినా చెబుతాను: పని నేర్పినవాణ్ణి, పలకరించనైనా లేదే అని నాకు కోపం వచ్చింది. రైలు కదిలాక గానీ, ఆ కోపానికి నాకున్న అర్హత ఏమిటని నన్ను నేను అడగలేదు.

డాక్టరుగారు పోయారు. ఆమె తప్పేనని నమ్మే పోయారు. ఆయన ఉండగా చెప్పి ఉంటే ఆమె పని ఆమెకు తిరిగి దొరికేది. ఇప్పుడు చెబితే ఎవరికీ ఏదీ దొరకదు. నాకూ ఏ నష్టమూ లేదు. అందుకేనా ఇప్పుడు చెబుతున్నాను? కావచ్చు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆ తప్పు వాక్యానికి కారణం నేను. చూసి వదిలేసింది నేను. ఆమె ముఖం మీదే అబద్ధం ఆడింది నేను. సువార్త ఏ తప్పూ చెయ్యలేదు. ఇంత చిన్న మాట నా నోట రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు వచ్చింది.