సా మీది ఎర్ర చుక్క

మొన్న వనపర్తి నుంచి చాచా కొడుకు వచ్చి, పాత దుప్పట్లో చుట్టిన కీబోర్డును నా ముందు పెట్టి, నాన్న పోయి నెల దాటింది, ఇది మీకే ఇవ్వమన్నాడు అన్నప్పుడు, ఇంకెవరైనా అయితే కళ్ళు తుడుచుకునేవారేమో గాని నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఆ మనిషి నాకు చేసిన అన్యాయాన్ని ఇరవై ఏళ్ళుగా ఒక్కనాడూ మరవని వాణ్ణి నేను.

ఆయన్ని ఊరంతా పిలిచినట్టే నేనూ చాచా అనే పిలిచేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో వనపర్తిలో ఆయనకొక ఆర్కెస్ట్రా ఉండేది. గద్వాల పక్క పల్లెలో వేరుశనగ చేను తప్ప మరో లోకం తెలియని మా నాయన, నేను ఇంటర్ తప్పాక నన్ను తెచ్చి ఆయన దగ్గర వదిలాడు. చాచా పద్ధతి ఒక్కటే. కీబోర్డులో 'సా' పలికే మెట్టు మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టి, ఏ పాటనైనా ఆ చుక్క నుంచే వాయించమనేవాడు. పాడేవాళ్ళ గొంతు పైకో కిందికో ఉంటే మన చేతులు కదపనక్కర్లేదు, ఎడమ మూలనున్న బటన్ నొక్కితే కీబోర్డే శ్రుతి మార్చుకుంటుంది. మా వైపు పెళ్ళి రిసెప్షన్లలో అప్పట్లో అందరమూ అట్లాగే వాయించాం, అదొక లోటని మాకెవరికీ తోచలేదు.

ఆ రోజుల్లో నేను పడ్డ చిన్నతనాలన్నీ నాకు గుర్తున్నాయి. గద్వాలలో స్టేజీ మీద అందరి పేర్లూ చదివి నా పేరు వదిలేశారు. కొల్లాపూర్‌లో విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపి, పెండ్లివారు తిన్నాక రమ్మన్నారు. అవి చెప్పుకుంటూ పోతే అసలు సంగతి మిగిలిపోతుంది.

అసలు సంగతి పియానో. హైదరాబాదు సంగీత దర్శకుడొకాయన తన బృందంలోకి పియానో వాయించే మనిషి కోసం వెతుకుతూ నాగర్‌కర్నూల్ వచ్చాడు. ఒక పాత మిషన్ బడి హాల్లో పియానో ఉంది గనక పరీక్ష అక్కడ పెట్టాడు. ఎంపికైతే కొలువు, ఉండటానికి చోటు, నేను కట్టుకున్న బాణీలు ఆయనకు వినిపించే వీలు; కాకపోతే మరుసటి వారమే చేనుకు తోలుకుపోతానని నాయన తేల్చి చెప్పాడు. బస్సులో దారి పొడవునా చాచా ధైర్యం చెబుతూనే ఉన్నాడు. "పరేషాన్ గాకు బేటా. మెట్లన్నీ గవే, పెట్టె జర పెద్దది, గంతే."

మొదటి పాట బాగానే సాగింది, దర్శకుడు తల ఊపడం చూశాను. రెండో పాట పాడాల్సిన అమ్మాయి, జలుబుతో ఉంది పాపం, నా వైపు వంగి, "అన్నా, జర అర శ్రుతి దించరాదూ, గంత పైకి గొంతు పోతలేదు" అంది. నా ఎడమ చెయ్యి అలవాటుగా మూలకు పోయింది. అక్కడ చెక్క ఉంది. ఇంకాస్త పక్కకు తడిమాను, అక్కడా చెక్కే. చుక్క లేని అన్ని మెట్లలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను ఆ మూలే తడుముతుంటే, దర్శకుడు గడియారం చూసుకుంటుంటే, వెనక వరస నుంచి ఒక నవ్వు వినిపించింది. అది చాచా నవ్వు. హాలు నవ్వింది ఆ తర్వాతే.

"పియానోకు బటన్ దేవులాడుతుండు" అన్నారెవరో. నన్ను లేపి ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు.

బస్టాండులో చాచాను నిలదీశాను. "చుక్క లేకుంటే ఎట్ల వాయించాల్నో ఎందుకు చెప్పలే? నేను పోతే నీకు మనిషి దొరకడనా?"

ఆయన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ, "నాకే తెల్వదురా" అన్నాడు. అన్నేళ్ళు ఆర్కెస్ట్రా నడిపిన మనిషికి తెలియకపోవడమేమిటి, అబద్ధమనుకున్నాను. ఆ రోజు తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

చేనుకూ పోలేదు. నాయనతో పోట్లాడి, ఆ బడి పెద్దను బతిమాలి, హాలు ఊడ్చిపెట్టే షరతు మీద రోజూ పొద్దున రెండు గంటలు ఆ పియానో ముందే కూర్చున్నాను. ఒక్క పాటను పన్నెండు చోట్ల నుంచి వాయించడానికి ఏడాదిన్నర పట్టింది. హైదరాబాదులో ఆ దర్శకుడి గుమ్మం ముందు నిలబడితే, "బటన్ దొరికిందా?" అన్నాడు. లోపలున్న పియానో మీద పాట మొదలుపెట్టాను, ఒక చరణం అయ్యాక ఆపకుండానే అర శ్రుతి దించాను, తర్వాతి చరణానికి మరో అర. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అక్కడి నుంచి నా బతుకు బాణీల్లో పడింది, ఆ బటన్ మాట అన్నందుకు దర్శకుడి మీదా నాకు కోపం పోలేదనుకోండి.

చాచా కొడుకు వెళ్ళాక దుప్పటి విప్పాను. తెల్లమెట్లు పసుపెక్కాయి. ఎడమ మూల బటన్ మీది అక్షరాలు చెరిగి, వేలు ఆనినంత గుంట పడింది. సా మీది చుక్క, చెరిగినప్పుడల్లా మళ్ళీ పెట్టగా పెట్టగా కందిపప్పంత మందాన పేరుకుంది, పైపొర ఇంకా కొత్తగా మెరుస్తోంది. అంటే చివరిదాకా ఆయన అక్కడి నుంచే వాయించాడు. నా దగ్గర దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నా చెయ్యి చెక్కను తడుముతున్నప్పుడు, వెనక వరసలో ఆయన చెయ్యి కూడా అదే మూలకు పోయి ఉంటుంది. ఆ నవ్వు భయంతో వచ్చిందేమో.

ఇప్పటి పిల్లలు ఫోను మీద వేలు జరిపి శ్రుతి మార్చుకుంటారు, వాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. ఆ ఆర్కెస్ట్రాలు లేవు, పాడే అమ్మాయి జలుబు చూసి శ్రుతి దించాల్సిన పనీ లేదు. అన్నీ ఒప్పుకుంటాను గాని, చాచా ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది. ఆ మాట ఎదురుగా కూర్చుని ఆయనతో అనాలనిపించేసరికి ఆయన లేడు, నా ఫిర్యాదుల్లో ఇప్పుడు పెద్దది అదే.