నాలుగు మడతల రిపోర్టు

“వైరు పీకింది నువ్వా కాదా? ముందర అది చెప్పు.”

“నేనే పీకినా. మూడుసార్లూ నేనే పీకినా. ఏం జేసుకుంటావో జేసుకో సార్.”

నర్సింగ్‌హోమ్ రిసెప్షన్ బల్ల కింద దూరి, నోట్లో స్క్రూడ్రైవర్ కరుచుకుని పడుకున్న కంప్యూటర్ల మెకానిక్ కళ్యాణ్‌కు ఆ మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. మూడుసార్లు! మూడుసార్లూ కర్నూలు నుంచి ఆత్మకూరుకు బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వచ్చాడు. మొదటిసారి ఎలుక పనే అనుకున్నాడు. రెండోసారి జాక్ వదులైందనుకుని కొత్తది బిగించి, నలుగురికీ పాఠం చెప్పి పోయాడు. తీరా చూస్తే ఆ ఎలుకకు యాభై రెండేళ్లు, తెల్లకోటు వేసుకుని ల్యాబ్‌లో కూర్చుని ఉంది.

గొడవ ల్యాబ్ గదిలో జరుగుతోంది. అరుస్తున్నది ప్రదీప్‌కుమార్. ఆ నర్సింగ్‌హోమ్ డాక్టరుకు బామ్మర్ది, మేనేజరు. అవతలి మనిషి ల్యాబ్ టెక్నీషియన్ లేవి.

“చేత్తో రాసేది ఇంక బంద్. కంప్యూటర్‌లో కొట్టు, ప్రింటు ఇయ్యి. కాయితం ముందర రిసెప్షన్‌లో వస్తాది, రమ్యశ్రీ పేషెంట్‌కు ఇస్తాది. దీనికేంటికి ఇంత రాద్ధాంతం?”

“ముందర ఎవురు జూస్తారో, ఎవురికిస్తారో నాకేం తెల్సు?”

“ఏమప్పా, నీ ఉచ్చ సీసాల రిపోర్టులకు బ్యాంకు లాకరు కావాల్నా?”

“సీసా ఎవురిదో వాళ్లకు కావాల సార్.”

“ఇంగోసారి వైరు మీద చెయ్యేస్తే ఆ కోటు విప్పి కొక్కేనికి తగిలిచ్చి పో. అంతే.”

ప్రదీప్‌కుమార్ చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు. కళ్యాణ్ బల్ల కింద నుంచి లేస్తూ తల కొట్టుకున్నాడు. రిసెప్షన్‌లో కూర్చునే రమ్యశ్రీ నవ్వింది. దాంతో ఇంకా మండింది.

ఇంజినీరింగు మూడో ఏడాదిలో చదువు వదిలేసిన వాడు కళ్యాణ్. పుస్తకంలో ఉన్న నెట్‌వర్కుకు కరెంటు పోదు, దాని వైరును ఎవడూ పీకడు, అందుకే ఆ చదువు అబద్ధమని అతని లెక్క. అయితే ఇంత మొండి మనిషి ఉంటాడని బయట కూడా ఎవరూ చెప్పలేదు.

లేవి సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కోయిలకుంట్ల దగ్గర పల్లె. మిషన్ ఆస్పత్రిలో సీసాలు కడుగుతూ పని నేర్చుకుని, పరీక్ష రాసి, ఇరవై నాలుగేళ్లుగా ఈ ల్యాబ్‌లోనే ఉన్నాడు. రిపోర్టు గుండ్రటి అక్షరాలతో తానే రాస్తాడు. నాలుగు మడతలు పెడతాడు. అంచుకు బంక రాస్తాడు. రక్తం ఇచ్చిన మనిషిని పేరుతో పిలిచి, చేతిలో పెట్టి, ఆ మనిషి గుప్పిట మూసేదాకా చూస్తాడు. పక్కనున్న మొగుడు చెయ్యి చాపితే కూడా ఇవ్వడు. పెండ్లాం రిపోర్టు ఇవ్వలేదని ఒకాయన చెంప మీద కొడితే, కింద పడిన కళ్లద్దాలు తీసుకుని, “ఆయమ్మను పిల్చకరాప్పా, ఇస్తా” అన్నాడట. ఆయన ఆమెను పిలుచుకురాక తప్పలేదు.

ఇదంతా రమ్యశ్రీ చెబుతుంటే కళ్యాణ్ చెవిన పెట్టలేదు. కంప్యూటరంటే భయం, పైకి నీతులు, అంతే అనుకున్నాడు.

మధ్యాహ్నం వైరు బిగించి లేవిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రింటరు రమ్యశ్రీ బల్ల మీద, ఆమె కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. ల్యాబ్ కంప్యూటర్ నుంచి పంపితే వైరులో పోయి అక్కడ కాగితం వస్తుంది.

“ఈ బటన్ నొక్కండి సార్. అంతే.”

లేవి ఒక్క వేలితో నొక్కాడు. తెర వంక చూశాడు. “యాడ?”

“ఈడ కాదు సార్, ముందర వస్తాది.”

అంతే, మనిషి లేచి పరుగు! కోటు ఎగురుతుండగా వరండా దాటి, రోగుల బెంచీ దాటి, కాగితం ట్రేలో పడకముందే పట్టుకున్నాడు. తిరిగొచ్చి ఆయాసపడుతూ, “ఇరవై ఎనిమిది అడుగులు. ఈలోపల ఎవురన్నా తీసుకుంటే?” అన్నాడు.

“ఎవరికి పనీపాటా లేక తీసుకుంటారు సార్?”

అప్పటికే కళ్యాణ్ టెస్టు పేజీలు పాతిక తీశాడు. రమ్యశ్రీ వాటి వెనకవైపు తెల్లగా ఉందని ఎనిమిది ముక్కలు చింపి, నంబర్లు వేసి, డాక్టరుగారి కోసం కూర్చున్నవాళ్లకు టోకెన్లుగా ఇస్తోంది. కాగితం పారేస్తే ప్రదీప్‌కుమార్ ఊరుకోడు.

సాయంత్రం హాస్టల్ వార్డెన్ పద్మప్రియ వచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది. “మా వంటమనిషి శివకుమారి రిపోర్టు అయిందా సార్? నేనే తీసుకపోతా.”

“ఆయమ్మను రమ్మనండి మేడమ్.”

“నా కింద పనిచేసే మనిషే గదా!”

“రేప్పొద్దున ఆయమ్మనే రమ్మనండి.”

ఆమె మూతి తిప్పుకుని పోయాక కళ్యాణ్ ఇక ఆపుకోలేకపోయాడు. “ఒక కాయితం ఇచ్చేస్తే ఏం పోతాది సార్?”

లేవి తలుపు దగ్గరగా వేశాడు. “గర్భసంచి ఆపరేషన్ రాసిండారు ఆయమ్మకు. ఆపరేషన్‌కు ముందర హెచ్‌ఐవీ పరీక్ష అందరికీ చేస్తాం. ఉండాదా లేదా అని ఎవురూ అడగరప్పా. ఆ పరీక్ష చేయించుకున్నెదంట అని తెలిస్తే సాలు, రేపట్నుంచి పిల్లోళ్లు ఆయమ్మ వండింది తినకూడదంటారు. ఇద్దరు బిడ్డలు. మొగుడు లేడు. ఇప్పుడు చెప్పు, ఏం పోతాది?”

కళ్యాణ్ చిరాగ్గా తలుపు తీసుకుని రిసెప్షన్‌లోకి పోయాడు.

లేవి తలుపు గడియ పెట్టి ఆ రిపోర్టు టైపు చేశాడు. ముప్పావుగంట పట్టింది. బటన్ నొక్కి పరుగెత్తాడు. అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్లు యూపీఎస్ మీద కూనిరాగం తీస్తున్నాయి గానీ ప్రింటరు ఆరిపోయింది. లేవి వెనక్కొచ్చి మళ్లీ నొక్కాడు. మళ్లీ పరుగు. మూడోసారీ అంతే. ఈలోగా యూపీఎస్‌లు కూడా కుయ్యిమని చచ్చాయి.

“యాడికి పాయ అది?” అన్నాడు లేవి, చీకటి ట్రేలో చెయ్యి పెట్టి తడుముతూ.

సంచి సర్దుకుంటున్న కళ్యాణ్ తల కూడా ఎత్తలేదు. “కరెంటు పోయింది గదా సార్. అదీ పోయినట్లే. రేపు మల్ల కొట్టుకోండి.”

ఆ మాట అబద్ధం. కావాలని చెప్పిన అబద్ధం కాదు, బుర్ర పెట్టి ఆలోచించకుండా చెప్పిన మాట. ప్రింటుకు పంపిన కాగితం ప్రింటరు తగిలించిన కంప్యూటర్‌లో వరుసలో నిలబడి ఉంటుంది. కరెంటు పోయినా ఆ వరుస చెరగదు. మళ్లీ కరెంటు వచ్చి కంప్యూటర్ వేయగానే ఆగినచోట నుంచి మొదలవుతుంది. ఇది కళ్యాణ్‌కు బాగా తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు.

కర్నూలు బస్సు తప్పిపోవడంతో ఆ రాత్రి స్నేహితుడి గదిలో పడుకున్నాడు. పొద్దున్నే ఉగ్గాని తింటుండగా, రెండో ముద్ద నోట్లో ఉండగా, గుర్తొచ్చింది. ప్లేటు అక్కడే వదిలేసి ఉరికాడు.

రమ్యశ్రీకి ఒక అలవాటు. వస్తూనే బల్ల తుడిచి, అగరొత్తి వెలిగించి, అన్ని స్విచ్చులూ ఒకేసారి వేసేస్తుంది. కళ్యాణ్ వెళ్లేసరికి అగరొత్తి సగం కాలింది. ట్రేలో రెండు కాగితాలున్నాయి. రెండింటి మీదా శివకుమారి పేరే.

“మూడోది యాడ?”

“నీ టెస్టు పేజీలే గదా? పైదాన్ని చింపి టోకెన్లు చేసినా. ఎనిమిది మందికి ఇచ్చేసినా.”

గేటులోంచి లేవి అప్పుడే లోపలికి వస్తున్నాడు. రమ్యశ్రీ మాట చెవిన పడి, కళ్యాణ్ ముఖం చూడగానే విషయం అర్థమైంది కాబోలు, తిట్టలేదు. ట్రేలోని రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నిలబడి సూస్తావేమప్పా, టోకెన్లు వసూలు చెయ్యి” అన్నాడు.

ప్రింటరును కాపాడటానికి వచ్చినవాడు బెంచీ వెంట వంగి వంగి కాగితం ముక్కలు అడుక్కోవాల్సి వచ్చింది.

“తాతా, ఆ టోకెను మార్చాల, ఇట్లియ్యి.”

“యా, పో! నాలుగో నంబరు నాది. మొగం గూడ కడక్కుండా వచ్చినా.”

“నాలుగే ఇస్తా తాతా, రంగుకాయితం మీద ఇస్తా.”

“రంగుదైతే రెండో నంబరియ్యి.”

మూడో నంబరు అవ్వ దాంట్లో వక్కపొడి పొట్లం కట్టుకుంది. ఆమెకు వేరే కాగితం వెతికి, పొట్లం విప్పి, మళ్లీ కట్టివ్వాల్సి వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. ఏడు ముక్కలు దొరికాయి. ఐదో ముక్క మీద పరీక్ష పేరు కనిపించి, కళ్యాణ్ దాన్ని గబుక్కున గుప్పిట్లో నలిపేశాడు.

ఆరో నంబరు బెంచీ చివర ఉంది, బీపీ చూపించుకోవడానికి వచ్చిన వార్డెన్ పద్మప్రియ చేతిలో. పక్కనే శివకుమారి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పద్మప్రియ కళ్లద్దాలు తగిలించుకుని ముక్కను వెనక్కి తిప్పింది.

“ఇదేంది, దీని మీద మా శివకుమారి పేరుండాదే? ఏం రిపోర్టు ఇది?”

బెంచీ మీద తలలన్నీ అటు తిరిగాయి. శివకుమారి కొంగు దింపి లేవి వంక చూసింది. ఇరవై నాలుగేళ్లలో ఎవరికీ అబద్ధం చెప్పని లేవి గొంతు సవరించుకున్నాడు.

“రిపోర్టు కాదు మేడమ్. ఈ కంప్యూటరాయప్ప నిన్నంతా ప్రాక్టీసు చేస్తాండె. నా పుస్తకంలో ఏ పేరు కనిపిస్తే ఆ పేరు కొట్టినాడు. మెదడు లేదు.”

“పేషెంట్ల పేర్లతో ఆటలా? చదువుకున్నెవా లేదా నువ్వు?”

కళ్యాణ్ నోరు తెరిచాడు. కర్నూల్లో ఎవరైనా ఈ మాట అని ఉంటే, అన్నవాడు అతని చేత రెండు తిట్లు ఎక్కువే తిని పోయేవాడు. శివకుమారి ఇంకా చూస్తూనే ఉంది.

“సగంలో ఇడిసిపెట్టినా మేడమ్” అన్నాడు. “తప్పయిపాయ.” చెయ్యి చాపి ఆరో ముక్క తీసుకున్నాడు.

లోపల లేవి ఎనిమిది ముక్కలూ బల్ల మీద అతికించినట్టు పేర్చి, ఒక్కటీ తగ్గలేదని చూసుకుని, పళ్లెంలో వేసి కాల్చాడు. ట్రేలో దొరికిన రెండూ కూడా అందులోనే వేశాడు. తర్వాత రిపోర్టు చేత్తో రాసి, నాలుగు మడతలు పెట్టి, శివకుమారిని పేరుతో లోపలికి పిలిచాడు. ఆ కాగితంలో ఏముందో కళ్యాణ్ ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కళ్యాణ్ ప్రింటరును రెండు చేతులా ఎత్తుకుని ల్యాబ్‌లోకి తీసుకుపోయాడు. ప్రదీప్‌కుమార్ అడ్డం వచ్చాడు. “ముందర ఉండాల్సింది ఆడికేంటికి పోతాండాది?”

“ఆడుంటేనే వైరు ఎవురూ పీకరు సార్” అన్నాడు కళ్యాణ్. ఆ సమాధానం ప్రదీప్‌కుమార్‌కు నచ్చింది.

ఇప్పుడు ప్రింటరు లేవి కంప్యూటర్‌కు తగిలించి ఉంది. రమ్యశ్రీ బిల్లులు వైరులో ఇటే వస్తాయి, లేవి వాటిని కిటికీలోంచి అందిస్తాడు. రెండు కంప్యూటర్లకు తప్ప వేరే దేనికీ అనుమతి లేకుండా చేశాడు. కరెంటు పోయి వస్తే వరుసలో ఉన్నవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాడు. మూడుసార్లు స్విచ్చు ఆపి వేసి చూశాడు, ఈసారి తన మాటను తానే నమ్మకుండా.

చివరికి లేవి కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మిగిలింది. కళ్యాణ్ తాను చూసే ఆఫీసులన్నింటికీ ఒకటే పెడతాడు. గుర్తు పెట్టుకోవడం తేలిక. అదే కొట్టబోతుంటే లేవి కీబోర్డు మీద అరచెయ్యి పెట్టాడు.

“అది నీకు తెలుస్తాది గదా?”

“తెలియకపోతే ఎట్ల సార్? మీరు మర్చిపోతే మల్ల నేనే గదా బస్సెక్కి రావాల!”

“రా. ఉగ్గాని పెట్టిస్తా.” లేవి కీబోర్డు తన ఒడిలోకి లాక్కుని, ఒక్క వేలు పైకెత్తి పట్టుకున్నాడు. “ఇప్పుడు లేసి ఆ గోడ తట్టు తిరిగి నిలబడు నాయనా. నేను అయిందనేదాకా ఇట్ల సూడొద్దు.”