లాల్‌సరి కొట్టని పళ్ళెం

లమ్‌జుంగ్ కొండల్లో సిమ్‌పానీ అనే ఊరి మగవాళ్ళకు తొమ్మిదేళ్ళుగా ఒక్క మనిషంటేనే హడల్. ఆమె తల్లుల సంఘం అధ్యక్షురాలు లాల్‌సరి ఘలే. ఎవడైనా పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటే చాలు, సంఘం ఆడవాళ్ళంతా కంచుపళ్ళేలు పట్టుకుని ఆ ఇంటి ముందు దిగేవారు. వాడు బయటికొచ్చి చెవులు పట్టుకునేదాకా గరిటెలతో వాయించేవారు. మొదటి దెబ్బ మాత్రం అధ్యక్షురాలిదే. ఆమె కొట్టందే ఇంకెవరూ గరిటె ఎత్తకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది కూడా లాల్‌సరే. పాత పగలు మనసులో పెట్టుకుని కొందరు ఎవరింటి ముందు పడితే వాళ్ళింటి ముందు వాయించేస్తుంటే, ఇలాగైతే కుదరదని పెట్టింది. మంచికే పెట్టింది లెండి.

కిందటి ఫాల్గుణంలో పొఖరా పట్నంలో నాలుగు దేశాల ఆడవాళ్ళ సభకు ఆమెను పిలిచారు. పెరూ నుంచి వచ్చినావిడ, తమ వాడలో ఇలాంటప్పుడు ఈలలు ఊది పోగవుతామని చెప్పి, అక్కడే ఒకటి ఊదింది. బంగ్లాదేశ్ ఆవిడ కూలి పెంచమన్నందుకు తిన్న దెబ్బల గురించి చెప్పి ఏడ్చింది. లాల్‌సరి పళ్ళెం వాయించి, "మా ఊళ్ళో ఇది మోగిందంటే నీ ఇల్లు, నా ఇల్లు అని లేదు" అంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఆమె సిగ్గుతో చితికిపోతుంది.

వానలు మొదలైన వారంలో, ఒక పొద్దున, ఆమె కొడుకు టేక్‌జిత్ భార్య జుంతారాను కొట్టాడు. జీపు నడిపే మనిషి పొద్దున్నే రాగిసారా తాగి బయల్దేరుతుంటే, ఆ పిల్ల సీసా లాక్కుని గేదెల కుడితిలో ఒంపేసింది. అత్తగారు సభల్లో చెప్పే పనే చేసింది పాపం. పెదవి చిట్లింది. లాల్‌సరి పొయ్యి దగ్గరే ఉంది, అంతా చూసింది.

"ఊరుకో నానీ, నలుగురికీ తెలిస్తే బాగుండదు" అంది కోడలితో.

జుంతారా వెళ్ళి వాకిట్లో నిలబడింది. కింద గడ్డి కోసుకుంటున్న పబిసరా అప్పటికే కేకలు విని ఊళ్ళోకి పరిగెత్తింది. ఆమె లాల్‌సరికి కుడిభుజం లాంటి మనిషి. కాసేపట్లో ఇరవై మంది పళ్ళేలతో వచ్చి తుంపరలో నిలబడ్డారు.

"పళ్ళెం తెచ్చుకో దీదీ" అంది పబిసరా.

"వాడికి జీపు టైమైంది..."

"మా ఆయనకు ఆవేళ సంతకు టైమైంది. ఆగావా నువ్వు?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. లాల్‌సరి పళ్ళెం, గరిటె తెచ్చుకుని గడప మీద నిలబడింది.

"ఆమా, నా మీదకు నువ్వు కూడానా?" అన్నాడు లోపల్నుంచి టేక్‌జిత్, చిన్నప్పుడు జ్వరమొస్తే పిలిచే గొంతుతో.

ఆమె చెయ్యి లేవలేదు. "వానలో తడుస్తున్నారు. తర్వాత చూద్దాం" అంది.

కట్టుబాటు కట్టుబాటే కదా, ఎవరూ గరిటె ఎత్తలేదు. పబిసరా పళ్ళెం చంకలో పెట్టుకుంది.

"పదండే. దీదీ మనకు తక్కువ చేసిందా? ఇవాళ ఆమె పరువు మనం కాపాడాలి."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తిట్టిపోసినా బాగుండేది, జాలిపడి వెళ్ళారు. సాయంత్రానికల్లా జుంతారా బట్టలు సర్దుకుని పుట్టింటికి పోయింది.

ఆ తర్వాత ఊళ్ళో ఇంకో రెండిళ్ళలో ఆడవాళ్ళు దెబ్బలు తిన్నారు. ఎవరూ లాల్‌సరిని పిలవలేదు. ఆ మొగుళ్ళలో ఒకడు టీ కొట్టు దగ్గర, "వాయించమనండి, ముందు అధ్యక్షురాలి ఇంట్లో మొదలెట్టమనండి" అని పళ్ళికిలించాడట. వెధవే, కానీ అన్నది నిజమే.

పన్నెండో రోజున ఆమె పదవి వదిలేసి, ఒంటరిగా కొండ దిగి కోడలి పుట్టింటికి వెళ్ళింది. జుంతారా రాగినారు కట్టలు కడుతోంది.

"తప్పు చేశాను నానీ. కొడుకని చెయ్యి రాలేదు. అందరి ముందూ నేనే చెవులు పట్టుకుంటాను, రా."

"మీకు చెయ్యి రాలేదంటే అర్థం చేసుకోగలను ఆమా, కన్నతల్లి కదా." జుంతారా కట్ట బిగించి పక్కన పెట్టింది. "ఇరవై మంది వచ్చారు. అందరూ మీ మొహం చూసి అయ్యో అనుకుని వెళ్ళారు. ఆవేళ నా మొహం ఒక్కరూ చూడలేదు. మీరూ చూడలేదు."

ఆ పెదవి మానిందో లేదో ఇప్పుడైనా చూద్దామనుకుంది లాల్‌సరి. తల పైకి లేవలేదు.