కింద దిగాక ఏడవండి

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ కళ్లు పొడుస్తోంది, వేళ్లు మాత్రం గ్లౌజుల్లో మొద్దుబారిపోయాయి. అక్కడి నుంచి సరిహద్దులోని మా ఆర్మీ పోస్టుదాకా మంచు మీద నడక. నడుముకు తాడు, వీపున ఇరవై కిలోల సామాను, భుజాన రైఫిల్. పది అడుగులు వేయడం, ఆగి ఊపిరి తీసుకోవడం. గోదావరిఖని ఎండలో పుట్టి పెరిగినవాణ్ని. మేలో మా కాలనీ గోడలు పొద్దుగూకాక కూడా కాలుతుంటాయి. అలాంటివాణ్ని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టారు.

పోస్టులో ఆరుగురం. ఫైబర్ గుడిసె ఒకటి, సామాన్లకు గుడారం ఒకటి. రోజంతా కిరోసిన్ స్టవ్ మండాల్సిందే. ఆ పొగకు ఉమ్మినా నల్లగానే పడేది. బాయిలో, అదే బొగ్గుగనిలో, ముప్ఫై ఏళ్లు పనిచేసిన మా బాపు గుర్తొచ్చేవాడు.

అక్కడ పేర్లతో పని లేదు. కమాండర్, వంట, మందులు, రేడియో. ఎవరి పని వాళ్ల పేరు. రేడియో శ్రీకాకుళం వైపు మనిషి, నాకన్నా చిన్నవాడు. ఆరుగురిలో తెలుగువాళ్లం మేమిద్దరమే.

“అన్నా, మీ ఊర్లో భూమి లోపలికి దిగి బతుకుతారు. మనమేటి, ఇలగ మబ్బులెక్కీసి బతుకుతన్నాం. మజ్జిలో ఉండీవోలదే సుకం” అనేవాడు.

“నోరు మూసి బ్యాటరీ చూస్కో” అనేవాణ్ని. నాకు తమ్ముళ్లు లేరు. వాడి వాగుడు వినకపోతే నాకు పొద్దుపోయేది కాదు.

గంటకోసారి కింది పోస్టుకు “ఓకే రిపోర్ట్” పంపాలి. ఆ పని వాడిదే.

మూడు రోజుల మంచు తుఫాను తెరిపిచ్చిన ఉదయం యాంటెన్నా కూరుకుపోయి ఉంది. రేడియో తాడు కట్టుకుని, పార తీసుకుని వెళ్లాడు. చేయాల్సినవన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. పైనుంచి మంచు పలక ఒకటి విరిగి జారింది. పెద్ద చప్పుడు కూడా లేదు, లారీ మీంచి బస్తా జారినట్టుంది. తాడు పట్టుకుని తవ్వుకుంటూ పోయాం. పారలు చాలక అన్నం పళ్లేలతో తోడాం. ముఖం బయటపడేసరికి గంట కావొచ్చింది. మందులాయన చేతులు పడిపోయేదాకా ఛాతీ నొక్కి, తల అడ్డంగా ఊపాడు.

నా గొంతులోంచి ఏదో పైకి రాబోయింది. కమాండర్ నా కాలర్ పట్టుకుని హిందీలో అన్నాడు: “ఇక్కడ ఎవరూ ఏడవొద్దు. ఊపిరి అందదు. కన్నీళ్లు గడ్డకడతాయి. కింద దిగాక ఏడవండి.”

ఆ ఆర్డరు తప్పని ఈరోజుకీ అనను. వెక్కి వెక్కి ఏడవడానికి చాలినంత గాలి ఆ ఎత్తులో లేదు.

వాతావరణం మళ్లీ చెడిపోయింది. వారం పైగా హెలికాప్టర్ రాలేదు. వాణ్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టి సామాన్ల గుడారంలో పడుకోబెట్టాం. పప్పు డబ్బా కావాలన్నా వాడి పక్కనుంచే వెళ్లి తెచ్చుకోవాలి. రేడియో సెట్టు నా చేతికొచ్చింది. గంటగంటకూ నేనే చెప్పేవాణ్ని: “ఓకే రిపోర్ట్.”

తర్వాత మేమూ దిగాం. ఒక్కొక్కరినీ ఒక్కో చోటికి పంపారు. కింద దిగాక ఏడవమన్నారు సరే, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు? చెప్పేవాడు లేడు. నేనూ అడగలేదు.

రిటైరై ఊరికొచ్చాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ దొరికింది. ఆ ఏడే బాపు పోయాడు. కాలనీ ఆడవాళ్లంతా వచ్చి శోకాలు పెట్టారు. మా దగ్గర శోకానికి వరస కావాలి. “ఓ నా కొడుకా” అనో “ఓ బావా” అనో పిలిచి, ఆ మనిషి బతుకంతా రాగం తీసి చెప్తూ ఏడుస్తారు. నేను టెంటు వేయించాను, కుర్చీలు సర్దించాను. కొరివి పెట్టేటప్పుడు కూడా కంట చుక్క రాలేదు. మిలిట్రోని గుండె అని నలుగురూ మెచ్చుకుంటే లోపల మురిశాను కూడా. సిగ్గులేని మురిపెం!

ఇంట్లో మాత్రం నిప్పుల మీద ఉన్నట్టుండేవాణ్ని. గరిటె కింద పడ్డా కోపమే. ఏడుపు వినపడితే మరీను, నోరు మూయించేదాకా ఊరుకునేవాణ్ని కాదు.

మా పాప రెండో తరగతి. ఒక సాయంత్రం సైకిల్ మీంచి పడింది. ఎవరికీ చెప్పలేదు. లోపలికొచ్చి ఎడమ చేత్తో హోంవర్కు రాసుకుంటూ కూర్చుంది. అన్నం కలపలేకపోతుంటే మా ఆవిడ చూసింది. కుడి చెయ్యి బూరెలా వాచిపోయి ఉంది. దవాఖానకు పరుగెత్తాం. ఎముక విరిగిందన్నారు.

డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తూ “నొప్పి లేస్తలేదా బిడ్డా?” అని అడిగాడు.

పాప నా ముఖంలోకి చూసింది. చూసి, “లేదు సార్” అంది.

మా ఆవిడ నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. “నువ్వు ఎట్లనన్న ఉండు. నా బిడ్డను గిట్ల బండరాయిని చెయ్యకు. మారుతవా, దాన్ని తీస్కొని రామకృష్ణాపూర్ మా తల్లిగారింటికి పొమ్మంటవా? ఏదో ఒకటి చెప్పు.”

లోపలికెళ్లి డాక్టరునే ఏం చేయమంటారని అడిగాను. ఆ డాక్టరే నన్ను కౌన్సిలింగ్ మేడం దగ్గరికి పంపాడు.

ఆమెది గోలేటి. బాయి కార్మికుడి బిడ్డ. ఆమెకు అంతా చెప్పాను. ఎత్తెంత, చలి ఎంత, తాడు పొడవెంత, ఒక్క మాట తడబడకుండా. రెండోసారి వెళ్లినా అదే చెప్పాను. మూడోసారి ఆమె మధ్యలో ఆపింది.

“సార్, గిది రిపోర్టు. మంచిగనే చెప్తున్నరు. గానీ చెప్పినప్పుడల్ల గొంతు పట్టుకుంటున్నరు, చూసుకున్నరా?”

చెయ్యి నిజంగానే గొంతు మీద ఉంది. ఒళ్లు మండింది. “ఇవన్ని తవ్వితె పోయినోడు వస్తడా మేడం?”

“రాడు. కోపం రానియ్యున్రి, ఆపకున్రి. ఓపెన్‌కాస్ట్‌ల పైమట్టి తియ్యంది బొగ్గు అవుపడుతదా? దీని కిందేమున్నదో చూద్దాం.” ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి నా ఎదురుగా వేసింది. “గీడ మీ రేడియో కూసున్నడనుకోన్రి. నాకు కాదు, ఆయనకు చెప్పున్రి.”

ఖాళీ కుర్చీతో ముచ్చటేంది, పిచ్చోళ్ల యవ్వారం అనుకున్నాను. అయినా ఆర్డరు ఆర్డరే. లేచి నిలబడి, కాళ్లు దగ్గరికి చేర్చి హిందీలో మొదలుపెట్టాను.

“ఆయనకు తెలుగొస్తది గద సార్” అంది మేడం, మెల్లగా.

ఆ మాటకు అక్కడే కూలబడ్డాను. ముందు తిట్లే వచ్చాయి. “నిన్నెవడు పొమ్మన్నడురా అంత పొద్దుగాల? జర ఎండెక్కినంక పోతె యాంటెన్నా పారిపోతుండెనా?” కేకలు బయట వరండాదాకా వినపడి ఉంటాయి. ఆమె ఆపలేదు.

“ఏమని పిలుద్దామనున్నది ఆయనను?”

రేడియో అనబోయాను. నోట్లోంచి “తమ్మీ” అని వచ్చింది. ఇక ఆగలేదు. మా కాలనీ ఆడవాళ్ల రాగం నా గొంతులోంచి వస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది.

“ఓ తమ్మీ... పప్పు డబ్బాల పక్కన పండవెడితిమి గదరా తమ్మీ... నువ్వు పక్కన సచ్చి పండుకోంగ అంత మంచిగున్నదని చెప్తిని గదరా తమ్మీ...”

ఆమె నీళ్లివ్వలేదు, ఊరుకోమనలేదు. అయిపోయేసరికి చొక్కా ముందంతా తడిసిపోయింది. ఊపిరి పొట్టదాకా దిగుతోంది. అలా దిగి ఎన్నేళ్లయిందో.

“మొదటిసారి గూడ గిదే ముచ్చట చెప్పిన్రు, ఏం మారలే” అంది మేడం. “ఇయ్యాల ఏడ్సుకుంట చెప్పిన్రు. ఫరక్ గక్కడనే ఉన్నది.”

నయమైందని చెప్పను. ఆ గదికి ఇంకా చాలాసార్లు వెళ్లాను. బాపును కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. కోపం ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు దాని కింద ఏముందో చూసుకునే తీరిక మాత్రం దొరుకుతోంది. మా ఆవిడ పుట్టింటికి పోలేదు.

కానీ ఆ మొదటి ఏడుపు రోజు ఇంటికెళ్లి, గడపలో కూర్చుని మా ఆవిడకు అంతా చెప్తుంటే దుఃఖం మళ్లీ పొంగుకొచ్చింది. లోపలినుంచి పాప పరుగెత్తుకొచ్చింది. కుడి చెయ్యి పిండికట్టులో ఉంది. ఎడమ అరచేత్తో నా నోరు గట్టిగా మూసింది.

“ష్... బంద్ చెయ్యి డాడీ. ఏడిస్తె ఏమొస్తది?”

నా మాటలే. నా గొంతు కూడా. ఆ చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకుని, “ఏడ్వనియ్యి బిడ్డా” అన్నాను. పాపకు అర్థం కాలేదు. అర్థం కావడానికి నెలలు పట్టింది.

మంచులోంచి బయటపడ్డ ఆ ముఖం ఈమధ్య కొంచెం దూరం జరిగింది. కళ్లు మూసుకుంటే ఇప్పుడు కనిపించేది వేరు. నా నోటి మీద ఏడేళ్ల అరచెయ్యి, దాని పైన చుక్క తడి లేని రెండు కళ్లు.