మూడో వరసలో మొహం

యంత్రం బుద్ధిగా నడవాలని సర్వర్ మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లానికి గడువు దాటితే అది మొరాయిస్తుందని తైపేలో నమ్ముతారు. అందుకే జనం ఫోటోలు దాచుకునే సైటులో పనిచేసే పైలింగ్ రోజూ ఆఫీసుకు రాగానే ఆ తేదీ చూస్తుంది. గడువు దాటలేదు, అయినా ఫోటోల సర్వర్ వారంగా రోజూ సాయంత్రం నాలుగింటికల్లా కూలిపోతోంది. వెతగ్గా ఒక ముసలి దర్జీ రోజూ ఆ వేళకే తన పేజీకి పంపుతున్న పాత ఫోటో బొమ్మ దొరికింది. గోడంత స్కాన్, దాన్ని చిన్నబొమ్మగా కుదించబోయి మెమరీ చాలక సర్వర్ పడిపోతోంది. ఆయనకు ఫోన్ చేసింది.

"తాతగారూ, కాస్త చిన్నది చేసి పంపకూడదూ?"

"చిన్నది చేస్తే తను చుక్కయిపోతుందమ్మా. మిల్లు వాళ్లందర్నీ నిలబెట్టి తీశారు. మూడో వరసలో, జడ ముందుకేసుకున్న పిల్ల. తన ఫోటో నా దగ్గరున్నది ఇదొక్కటే."

ఇకపై అంత పెద్దవి తీసుకోవద్దని పైలింగ్ సర్వర్‌లో నియమం రాసి, ఆ ఒక్క బొమ్మను మాత్రం తన చేత్తోనే కత్తిరించి పెట్టింది. మర్నాడు సర్వర్ పడలేదు. దర్జీ పేజీలో గోరంత చోట ఆ మొహమొక్కటే ఉంది. నాలుగింటికి తెరిచిన ఆ పేజీని ఆయన చీకటిపడేదాకా మూయలేదు.