దాపట ఖాళీగా లేదు

సహోదరులారా, అక్కలారా, అమ్మలారా, ఈ మైకు నా చేతికిచ్చి మాట్లాడమన్నారు గానీ, నేను నలభై ఏళ్లు ఎద్దులతో మాట్లాడినవాణ్ణి, మనుషులతో మాట్లాడటం నాకు అంతగా రాదు. ఎక్కడైనా తప్పు దొర్లితే ఎద్దులోడే కదా అని సరిపెట్టుకోండి! ఈ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాక నా పేరు సమూయేలు. అంతకుముందు నల్గొండ అవతల మా ఊళ్లో నన్ను ఎద్దుల సాయిలు అనేవాళ్లు.

రెండేళ్లపాటు నేను ఒక్కణ్ణే ఇక్కడ మన్సూరాబాద్‌లో ఒక అపార్టుమెంటు కింద, నీళ్ల మోటారు పక్కనున్న వాచ్‌మన్ గదిలో బతికాను. బతికానని చెప్పుకోవడమే గానీ, పొద్దున మొహం కడగకముందే సీసా మూత తీసేవాణ్ణి, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి, ఎవరైనా హారన్ కొడితే లేచి గేటు తీసేవాణ్ణి. "గేటు తియ్యి", "మోటర్ బంద్ చెయ్యి", ఆ రెండు మాటలు తప్ప నాతో మాట్లాడిన మనిషి లేడు. నా పేరు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చాప మీద పడుకుంటే ఎడమవైపు సగం ఖాళీగా వదిలేసేవాణ్ణి. ఆ సగం ఎవరిదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి.

మాకు మూడెకరాల చెలక ఉండేది. కందులు, పత్తి వేసేవాళ్లం. కానీ నా ప్రాణమంతా బండలాగుడు పోటీల్లోనే ఉండేది. మీలో చూసినవాళ్లు ఉంటారు, పెద్ద బండరాయిని గొలుసుతో కాడికి కట్టి ఎద్దుల జతతో లాగిస్తారు, ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. నా జతలో కుడివైపు బుల్లోడు, ఎడమవైపు కర్రోడు. ఎడమ పక్కను మేం దాపట అంటాం, కుడి పక్కను ఎలపట అంటాం. పని తెలిసిన ఎద్దును నేనెప్పుడూ దాపటే కట్టేవాణ్ణి, అది దారి చూపిస్తే ఎలపటిది దాని వెంట నడుస్తుంది. ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాణ్ణి, వాగులో ఈత కొట్టించేవాణ్ణి, నా భార్య లచ్చమ్మకు ముద్ద వేసుకునే తీరిక లేకపోయినా వాటి ఒళ్లు రుద్దడం మాత్రం ఆగేది కాదు. అందరూ ముల్లుగర్రతో పొడిచి లాగిస్తే నేను ఒట్టి మాటతో లాగించేవాణ్ణి. "పా కొడుకా" అంటే చాలు, బండ కదిలేది! చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు చెబితే మీసాలు కిందికి దిగేవి. ఆ గర్వమే నన్ను ముంచింది సహోదరులారా!

ఒక జాతరలో పోటీకి ముందు కల్లు తాగాను. అవతలి జత అప్పటికే లాగేసి పోయింది, వాళ్ల గీతకు మేం నాలుగు అడుగులు వెనకున్నాం. గంట కొట్టడానికి ఇంకా కొంచెమే సమయం ఉంది, జనమంతా నన్నే చూస్తున్నారు, పక్కవాడి చేతిలోని ముల్లుగర్ర లాక్కుని కర్రోణ్ణి పొడిచాను. నా చేతి దెబ్బ ఎరుగని ఎద్దు అది, ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అది బాధకు చూసింది కాదు, నువ్వేనా అన్నట్టు చూసింది! అయినా లాగింది. మేం గెలిచాం. గీత దాటాక ముందు కాళ్లు మడిచి కూలబడింది, నాలుగో రోజు చచ్చిపోయింది. లచ్చమ్మ అప్పటికే మా ఊళ్లో ప్రార్థనకు పోయేది. ఆ నాలుగు రోజులూ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి "యేసయ్యా, నోరులేనిది, దీన్ని చూడు తండ్రీ" అని ప్రార్థిస్తుంటే నేను నవ్వాను. ఎద్దుకు కూడా ప్రార్థనా అని ఎగతాళి చేశాను. ఆమె నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత బుల్లోడు ఒంటరివాడయ్యాడు. వేరే ఎద్దును తెచ్చి జోడు కడితే అడుగు వేయలేదు. దొడ్లో ఎప్పుడూ ఎడమ పక్క ఒక ఎద్దు పట్టేంత జాగా వదిలి నిలబడేది, తొట్టిలో కుడి సగమే తినేది. చూడలేక దాన్ని మా బావమరిదికి ఇచ్చేశాను. నేను మాత్రం కల్లు నుంచి సీసాకు ఎక్కాను.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు లచ్చమ్మకు కిడ్నీలు చెడ్డాయి. వైద్యం కోసం పట్నం వచ్చాం, దవాఖానకు దగ్గరగా ఉంటుందని ఆ వాచ్‌మన్ పనిలో చేరాను. వారానికి రెండుసార్లు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడేవాళ్లం, ఆమె ఎప్పుడూ నా ఎడమ పక్కనే నిలబడి నా భుజం పట్టుకునేది. ఎనిమిది నెలలకు ఆ చెయ్యి పోయింది. మాకు పిల్లలు లేరు. ఊరికి పోతే దొడ్డి ఖాళీ, ఇక్కడుంటే చాప ఖాళీ. అప్పుడు తెలిసింది నాకు, బుల్లోడు తొట్టిలో సగం ఎందుకు వదిలేవాడో!

ఒకరోజు పొద్దున తాగే ఉన్నాను, ఏదో సామాను తెమ్మంటే దిల్‌సుఖ్‌నగర్ పోయాను. మెట్రో కింద రోడ్డు మీద బస్సుల మోతలో సన్నగా మెడగంట వినిపించింది. ఆ గంట నాకు తెలుసు అనిపించింది, కర్రోడే అనిపించింది! రోడ్డుకు అడ్డం పడి పరుగెత్తాను. బస్సు కీచుమని నా మోకాళ్ల దగ్గర ఆగింది. అవతల గంగిరెద్దు, ఒంటి నిండా రంగు బట్టలు. దాని మెడ పట్టుకుని "తప్పయింది కొడుకా, తప్పయింది" అని ఏడ్చాను. గంగిరెద్దులాయన పాపం సన్నాయి ఆపేసి "ఏందే పెద్దాయనా, ఎవల కోసం ఏడుస్తున్నవ్?" అన్నాడు. ఎవరి కోసమని చెప్పను? కర్రోడి కోసమా, లచ్చమ్మ కోసమా, నాకే తెలియలేదు.

దేవుడు ఆ గుంపులో ఒక మనిషిని నిలబెట్టాడు. మా అపార్టుమెంటులో మెట్లు ఊడ్చే రూతమ్మ అక్కడ కూరగాయలు కొంటోంది. నా రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. "అన్నా, ఆ బస్సు కింద పడితే నిన్ను గుర్తువట్టెటోళ్లు ఎవలున్నరే? ఐతారం నాతోని మందిరానికి రా. కూసో, పాట ఇను, మనసు వట్టకుంటే లేచి పో" అంది. లచ్చమ్మ బతిమాలినన్నాళ్లూ పోనివాణ్ణి, ఆ రోజు సరేనన్నాను.

అదిగో, ఆ చివరి వరసలోనే కూర్చున్నాను, తాగే వచ్చాను, ఎందుకు దాచాలి! పాస్టరయ్యగారు, నా కాడి ఎత్తుకోండి అని ప్రభువు చెప్పిన మాట గురించి చెబుతున్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, చదువుకున్నాయన, పాపం ఎన్నడూ అరక పట్టలేదు. "కాడి అంటే బరువండీ, ప్రభువు మన మెడ మీద తేలికైన బరువు పెడతాడండీ" అన్నారు. ఎద్దుల విషయంలో తప్పు మాట వింటే నేను ఊరుకోలేను, అది నా జబ్బు. లేచి నిలబడి అరిచాను.

"అయ్యగారూ, జర ఆగుండ్రి! కాడి బరువు కాదు. కాడికి రెండు మెడలుంటయి. ఒంటెద్దు మీద గా కాడి ఎవ్వడు పెట్టడు. ఆయన తన కాడి ఎత్తుకొమ్మన్నడంటే, ఒక దిక్కు ఆయన మెడ ఉన్నట్టే గదా!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నన్ను బయటికి పంపిస్తారనుకున్నాను. పాస్టరయ్యగారు బైబిలు మూసి, "నాకు ఇన్నేళ్లూ తెలియలేదు తాతగారూ. మరి ప్రభువు ఏ పక్కనుంటాడండీ?" అని అడిగారు.

"దాపట" అన్నాను.

అన్నాకే నాకు తెలిసింది. ఇన్నాళ్లూ నేను ఖాళీగా వదిలిన పక్క అదే కదా! కూలబడి, నాకు ప్రార్థన రాదు గనుక వచ్చిన మాటే అన్నాను. "ప్రభువా, నేను జోడు పోయిన ఎద్దును. నమ్మినదాన్ని పొడిచి చంపినోణ్ణి. నన్ను ఇడిసిపెట్టకు, నీతోని కట్టుకో" అన్నాను. అంతే నా ప్రార్థన. దేవునికే మహిమ!

తాగుడు ఆ రోజే పోయిందని అబద్ధం చెప్పను. చేతులు వణికాయి, ఒకసారి మళ్లీ తాగి రూతమ్మతో నానా తిట్లూ తిన్నాను. దాహం లేచినప్పుడల్లా గది వదిలి మన్సూరాబాద్ గల్లీల్లో రోడ్డుకు ఓరగా, ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నడిచేవాణ్ణి, "నువ్వు లాగు తండ్రీ, నేను వెంట నడుస్త" అనుకుంటూ. ఎలపటెద్దు చేయాల్సింది అదే కదా, అడుగు కలపడమే! నెలలు గడిచాయి, ఇప్పుడు సీసా చూస్తే నాకు ఏమీ అనిపించదు. ఒంటరితనం మాత్రం అప్పుడప్పుడు వస్తుంది, లచ్చమ్మ గుర్తొస్తే ఇప్పటికీ ఏడుస్తాను. కానీ ఏడుస్తుంటే పక్కన ఒకరున్నారని తెలుస్తుంది. అది తెలిసి ఏడవడం వేరు, తెలియక ఏడవడం వేరు.

సహోదరులారా, ప్రతి ఆదివారం నా ఎడమ పక్క కుర్చీలో సంచీ పెట్టి ఎవరినీ కూర్చోనివ్వనని మీలో కొందరు విసుక్కుంటారని నాకు తెలుసు. మొదట్లో అది లచ్చమ్మ కోసం వదిలాను, తర్వాత ప్రభువు కోసం వదిలాను. పోయిన వారం ప్రార్థనలో ఉండగా, ఆయనకు కుర్చీ ఎందుకురా సాయిలూ అనిపించింది. అందుకే ఈ రోజు ఆ సంచీ తీసేశాను, చూడండి. మీలో ఎవరైనా జోడు పోయి ఒక్కరే వచ్చి ఉంటే, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోదామనుకుంటుంటే, వెళ్లకండి. వచ్చి నా దాపట కూర్చోండి. మీ పేరు అడుగుతాను.